కూటానికి పెద్ద

మారండహళ్ళి పక్క ఊరు,
2004 జూన్

మీనాక్షక్కకు,

మాదేశ్వరి రాస్తున్నాను. నేనూ మీ మరిదీ బాగున్నాం. బావ, పిల్లలు ఎట్లా ఉన్నారో రాయి.

ఇన్నాళ్ళూ జాబు రాయలేదని కోప్పడకు. పెద్దింట్లో ఉన్నప్పుడు కాగితం పట్టుకుని కూర్చుంటే మా అత్త కెంపమ్మ వచ్చి పక్కనే కూర్చునేది. ఆమెకు చదువు రాదు. అయినా నా మొహం చదివేస్తుంది. ఇక్కడ అందరి మాటా తెలుగే, బడిలో నేర్చిన రాత మాత్రం అరవం. మన తాత పుణ్యమా అని మనిద్దరికీ తెలుగు అక్షరాలు వచ్చాయి కాబట్టి మనసులో ఉన్నదంతా ధైర్యంగా రాస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టు.

మేం వేరుపడ్డాం. మీ మరిది ప్రభు పొలం గట్టున రేకుల షెడ్డు వేశాడు. ముందు సగం పట్టుపురుగులకు, వెనక సగం మాకు. కిటికీలన్నీ పురుగుల వైపే ఉన్నాయి. అడిగితే, "వాటికి గాలి కావాల, మనకేం, బయట పండుకుంటే పోయె" అంటాడు. ఇది మా సొంతంగా మొదటి పంట. ఇది నిలిస్తే ఇక్కడే ఉంటాం. పోతే ఆయన బెంగళూరికి కట్టడం పనికి వెళ్తాడట, నన్ను మళ్ళీ పెద్దింట్లో దింపుతాడట. నేను ఎన్ని రోజులు మొక్కుకుంటే ఈ రేకుల కింద నా పొయ్యి నేను వెలిగించుకున్నానో నీకు తెలుసు.

కానీ నేను జాబు రాసేది దీని గురించి కాదు. పూంగొడి గురించి.

పూంగొడి మీ మరిదికి మేనమామ కూతురు. వరసకు ఆమెనే చేసుకోవలసింది. జాతకం కుదరలేదని ఇదే ఊళ్ళో రాజమాణిక్కం అనే టెంపో డ్రైవరుకు ఇచ్చారు. ఇప్పటికీ "బావా, బావా" అని వీధి చివరి నుంచి కేకేస్తుంది. ఆయన పలుకుతాడు. నేను పక్కన ఉండి పిలిస్తే వినిపించదు, ఆమె పిలుపు మాత్రం పొలం దాటి వినిపిస్తుంది. నేను పురుగులకు ఆకు తరిగితే, "పూంగొడి ఇంత సన్నంగా తరగదు, పోయి చూసి రా" అంటాడు. పైగా ఆమెను నేను "అక్కా" అని పిలవాలి. నాకు అక్క అంటే నువ్వొక్కదానివే. ఆ మాట ఆమెకు ఇవ్వవలసి వచ్చినప్పుడల్లా నాలుక మీద వేపాకు పెట్టుకున్నట్టు ఉంటుంది.

మన పుట్టింటి ఊరు తొప్పూరులో పట్టు లేదు కాబట్టి నీకు ఇది తెలియదు. పురుగులు పెరిగినన్నాళ్ళూ ఇంటివాళ్ళు చూసుకుంటే చాలు. పండిన రోజు మాత్రం చేతులు చాలవు. మేత మానేసి, ఒళ్ళంతా తేనె రంగుకు తిరిగి, తల ఎత్తుకుని గూడు కట్టే చోటు వెతుక్కుంటాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నీ ఏరి చంద్రికె మీద, అంటే వెదురు దబ్బల చట్రం మీద వెయ్యాలి. ఆలస్యమైతే మేత వేసే తట్టలోనే, ఆ పెంటలోనే గూడు కట్టుకుంటాయి. అవి దేనికీ పనికిరావు. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళంతా కూటంగా ఒకరింటికి ఒకరు వెళ్తారు. పద్ధతి ఏమిటంటే, ఆ ఇంటి ఆడమనిషి ఆకువక్క తీసుకుని కూటానికి పెద్దగా ఉన్నామె ఇంటికి వెళ్ళి పిలవాలి. పిలవకుండా ఒకరి పురుగుల ఇంట్లో ఇంకొకరు కాలు పెట్టరు. దిష్టి అంటారు, రోగం అంటుతుంది అంటారు.

ఇన్నేళ్ళూ మా అత్తే పెద్ద. మోకాళ్ళు పట్టేసి ఈ మధ్య మానుకుంది. ఇంకొకరిని పెట్టుకోవాలని అందరూ మా పెద్దింటి ముందు కూర్చున్నారు. కోడలిని కదా, నా వైపు ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకుని ఎదురుచూశాను. నోరు తెరవలేదు. అందరికంటే ముందు "మన పూంగొడి ఉండాది కదా" అన్నది ఎవరనుకున్నావు? మా అత్తే.

నా పురుగులు పండిన రోజు నేను ఆమె గడపకు వెళ్ళి నిలబడాలి. ఏం చెయ్యను?

నీ చెల్లెలు,
మాదేశ్వరి


బి. మల్లాపురం,
2004 జూలై

మాదేశ్వరికి,

నీ జాబు చదివి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నీకు చిన్నప్పటి నుంచీ నోరు లేదు. బడిలో నీ పలక ఎవరో తీసుకుంటే నేనే వెళ్ళి లాక్కొచ్చాను, జ్ఞాపకముందా? ఇప్పుడు మొగుడిని కూడా నేనే వచ్చి లాక్కురావాలా?

నా మాట విను. ఆకువక్క పట్టుకుని ఒక్కసారి ఆమె గడప ఎక్కావంటే ప్రతి పంటకూ ఎక్కుతూనే ఉండాలి. ఆమె మహరాణి, నువ్వు పనిమనిషి. మీరిద్దరూ కష్టపడితే కాని పని ఏముంటుంది? ఆమె లేకుండా ఒక పంట తీసి చూపించు. అప్పుడు మీ ఆయన, మీ అత్త ఎవరి వైపు చూస్తారో చూద్దాం.

నన్ను చూసి నేర్చుకో. ఇక్కడ మా వీధి మహిళా కూటానికి నన్ను పెద్దగా పెట్టారు. మీటింగులో అందరూ చాప మీద కూర్చుంటారు, నాకు కుర్చీ వేస్తారు. నీళ్ళ లారీ వచ్చినప్పుడు ముందు నా బిందెలు నిండాకే మిగిలినవాళ్ళు పట్టుకుంటారు. నేను అడగలేదు, వాళ్ళే ఇచ్చారు. పెద్దరికం అంటే అది. మనం ఒకరింటికి వెళ్ళకూడదు, వాళ్ళే రావాలి.

ధైర్యంగా ఉండు.

మీ అక్క,
మీనాక్షి


మారండహళ్ళి పక్క ఊరు,
2004 ఆగస్టు

అక్కా,

నీ జాబు ఎన్నిసార్లు చదువుకున్నానో. పురుగులు నాలుగో నిద్ర, అంటే ఆఖరుసారి పొర విడిచే నిద్ర, లేచి మేస్తున్నాయి. రాత్రింబగళ్ళు షెడ్డులో వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు. మేత అందించలేక నా చేతులు పసరెక్కి నల్లబడ్డాయి. అయినా నా పురుగులు చూడాలి నువ్వు! ఒక్కొక్కటి నా చిటికెనవేలంత ఉంది.

నిన్న అన్నం పెడుతుంటే ఆయన అడిగాడు.

"పూంగొడితో ఒక మాట చెప్పి పెడితివా?"

"ఇంకా టైము ఉండాది."

"ముందే చెప్తే కూటాన్ని తయారు పెడుతుంది కదా."

"ఆమె లేకుంటే ఊళ్ళో సూర్యుడు పుట్టడా?"

ఆయన చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. పెళ్ళైనప్పటి నుంచి నేను ఆయనతో అంత పెద్ద మాట అన్నది ఇదే మొదలు. "ఏమైంది మే నీకు? ఆమె నిన్నేం చేసె?" అన్నాడు. ఏం చేసిందని చెప్పను? ఏమీ చెయ్యలేదు. అదే కదా నా ఏడుపు. ఒక్క తప్పు దొరికితే పట్టుకుని పోట్లాడేదాన్ని. నిన్న దారిలో కనపడి, "నీ పురుగులు బాగుండాయంట కదా పాపా, బావ చెప్పె" అని నవ్వింది. బావ ఎప్పుడు చెప్పాడు? ఎక్కడ చెప్పాడు? ఇంటికి వచ్చేదాకా అదే తలుచుకుంటూ వచ్చాను.

నేను పిలవను. ఖాయం చేసుకున్నాను.

మాదేశ్వరి


మారండహళ్ళి పక్క ఊరు,
2004 సెప్టెంబరు

అక్కా,

నీ మాట విన్నాను. ఏం జరిగిందో చదువు.

పొద్దున లేచి చూసేసరికి పై తట్టల్లో పురుగులు మేత ముట్టలేదు. దీపం ముందు పెడితే వెలుగు అవతలికి కనపడేంత పండిపోయాయి. ఆయన "పోయి పిలిచి రా, పో" అన్నాడు. నేను కొంగు బిగించి, "మనిద్దరం చాలు" అన్నాను. తను వెళ్ళి పిలవలేడు. మగవాడు పిలిస్తే కూటం రాదు.

ఒకదాన్ని ఏరి చంద్రికె మీద వేసే లోపల పక్కన ఇంకెన్నో తల ఎత్తేవి. కాసేపటికి తట్ట అంచుల మీద, తాళ్ళ మీద, ఎండిన ఆకుల మధ్య దారం పోయడం మొదలుపెట్టాయి. కింది తట్టల వైపు మేం వెళ్ళనే లేదు. ఎండ ఎక్కేసరికి ఆయన చేతులు ఆపేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "బెంగళూరికి పోయేది నేను కదా. నీకేం" అన్నాడు. అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు. పురుగుల మీద తడి పడకూడదు కాబట్టి నేను మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఏరుతున్నాను.

అప్పుడు గడప దగ్గర గొంతు వినిపించింది. పూంగొడి! వెనక కూటమంతా ఉంది.

"పొద్దున్నే వచ్చి పిలిచిపోయింది ఈ పాప. నేనే లేటు చేస్తిని. తిట్టేదుంటే నన్ను తిట్టండి, రండి లోపలికి."

కూలిపని చేసుకునే కుప్పాయి అని ఒకామె ఉంది, ఆమెకు దేనిలోనైనా వంక దొరకాలి. "పిలిచిందంటావు, ఆకువక్క ఏదీ?" అంది.

పూంగొడి నాలుక బయట పెట్టింది. ఎర్రగా ఉంది. "నోట్లో ఉండాదే, చూడు. నీకు భాగం పెట్టలేదని ఏడుపా?"

అందరూ నవ్వారు. తన ఇంట్లో ఆకువక్క తనే నమిలి వచ్చింది అక్కా. నా కోసం.

కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాక ఒక్కొక్కరికీ పని చెప్పింది. నడుము నొప్పి ఉన్న కుప్పాయికి పీట వేసి, నిలబడి ఏరగలిగినవాళ్ళకు పై తట్టలు ఇచ్చింది. కింది తట్ట దగ్గర తను కూర్చుంది. పై నుంచి రాలిన పెంట, తడి ఆకు అంతా అక్కడే చేరుతుంది. నేల మీద వంగి ఆ కుళ్ళులోంచి పురుగులు ఏరాలి. ఎవరూ కూర్చోరు. ఏరుతూ నోరు మాత్రం మూయలేదు. పనికిమాలిన బూతు కథలు చెప్పింది, పాట పాడింది. గొంతు కాకి గొంతే, అది మాత్రం చెప్పాలి. మధ్యలో, "బావా, చూస్తా నిలబడితే గూళ్ళు కడతాయా? చంద్రికెలు నీడలో పెట్టు పో" అని మీ మరిదిని కూడా కసిరింది. ఆయన పరుగెత్తాడు. నేను రెండేళ్ళలో ఆయనను అంత పరుగెత్తించలేదు.

మధ్యాహ్నం దాటాక పని అయింది. కొన్ని తట్టలోనే పోయాయి, చాలా వరకు దక్కాయి. సంగటి పెట్టాను. అందరూ తిన్నాక అడుగున మాడింది గీక్కుని తిని ఆమె లేచింది. నేను గడప దాకా వెళ్ళాను. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోశాను.

ఆమే అంది. "ఆకు కొయ్యను బావ పొద్దున తోటకు రాకపాయె. అప్పుడే తెలిసె, పురుగు పండిందని. నీకు ఒకరింటికి పోయి పిలిచేదంటే సిగ్గు కదా పాపా. నేను కూడా కొత్తలో అట్లే ఉంటిని."

సిగ్గు అనుకుంది! నా కడుపులో ఉన్నది సిగ్గు అనుకుంది. లేకపోతే అంతా తెలిసి అలా అందేమో. ఏదైనా నేను తట్టుకోలేకపోతున్నాను.

పంట నిలిచింది. ఆయన బెంగళూరు మాట ఎత్తడం లేదు. ఊళ్ళో అందరూ నేను పిలిచాననే అనుకుంటున్నారు. నాకు ఏ లోటూ లేదు, కానీ ముందుకంటే ఇప్పుడు ఎక్కువ మండుతోంది. ఇదివరకు ఆమెను తిట్టుకుంటూ నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఏమని తిట్టుకోను?

నీ మీద కూడా కోపంగా ఉంది. నువ్వు అక్కడ కుర్చీలో కూర్చుని చెప్పావు. ఇక్కడ పోబోయినవి నా పురుగులు.

మాదేశ్వరి


బి. మల్లాపురం,
2004 నవంబరు

చెల్లీ,

కోపంగా రాశావు. బాగానే రాశావు. అందుకే జవాబు ఇంత ఆలస్యమైంది.

నీకు ఒకటి చెప్పలేదు. కుర్చీ గురించి రాసిన నాటికే మా కూటంలో సగం మంది మీటింగుకు రావడం మానేశారు. పని ఉంది, ఒంట్లో బాగాలేదు అని కబురు పంపేవాళ్ళు. నేను నమ్మాను, నమ్మినట్టు ఉన్నాను. పోయిన నెల ఒక రోజు చాపలు పరిచి, కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒక్కరూ రాలేదు. మీ బావ బయటి నుంచి వచ్చి, "అందరూ అన్బళగన్ వాళ్ళమ్మ వాకిట్లో కూసోనుండారు, నువ్వేం ఇక్కడ ఒంటిగా?" అన్నాడు. ఆమె మా కూటంలోదే. కుర్చీ లేదు, చాప కూడా లేదు. వక్కలు కొరుకుతూ అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్ళారు. నీళ్ళ లారీ దగ్గర ఇప్పుడు నా బిందెలు వరసలో వెనక ఉన్నాయి. ఎవరూ ఏమీ అనరు. జరగమంటే జరుగుతారు, అంతే.

నిన్ను వెళ్ళవద్దన్నాను. నేను ఒకరింటికి వెళ్ళి ఎన్నాళ్ళైందో నాకే తెలియదు, అందుకని అన్నాను.

మీ పూంగొడిని అడిగి నాకు రాయి. ఒకరు మొహం తిప్పుకుంటే ఏం చేస్తుంది? మళ్ళీ వాళ్ళింటికి ఎట్లా వెళ్తుంది? ముందు ఏం మాట్లాడుతుంది? ఈ వయసులో నాకంటే చిన్నదాని దగ్గర నేర్చుకుంటున్నానని నవ్వకు. నేను నిజంగా అడుగుతున్నాను.

మీనాక్షి


మారండహళ్ళి పక్క ఊరు,
2005 జనవరి

అక్కా,

నువ్వు కూడానా!

మీ మరిది అయ్యాడు, మా అత్త అయింది, ఊరంతా అయింది. నాకంటూ ఒక అక్క ఉందనుకుంటే నువ్వు కూడా పూంగొడి, పూంగొడి అంటున్నావు. ఆ జాబు మడిచి బియ్యం డబ్బాలో పడేశాను. నీకు మీటింగు లేకపోతే నాకేం అనుకున్నాను. మర్నాడు మళ్ళీ తీసి చదివాను. ఖాళీ చాపల ముందు నువ్వు ఒక్కదానివే కూర్చున్నావంటే నాకు బాగాలేదు.

ఆమెను అడుగుదామని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి బిడ్డకు స్నానం చేయిస్తోంది. ఇంకోసారి ఊరికే కూర్చుని ఉంది, "ఏం పాపా?" అని అడిగింది కూడా. "ఏం లేదక్కా" అని వచ్చేశాను. ఏమని అడగను? నీ మీద కుళ్ళుకునేదాన్ని, మా అక్కకు నీ విద్య చెప్పు అని అడగనా?

ఇంతలో మొన్న కుప్పాయి ఇంట్లో పురుగులు పండాయి. ఆమెవి నాలుగు తట్టలే. ఇరుకు కొట్టం, గాలి ఆడదు. పైగా ఈసారి పురుగులకు రోగం తగిలింది. రోగం పురుగు ముట్టుకుంటే పగిలి చీము కారుతుంది, ఆ వాసన రెండు రోజులు చేతిని వదలదు. అందరం ఆమె వాకిట్లో చేరాం. పూంగొడిని పిలవడానికి వెళ్ళిన కుప్పాయి ఒక్కతే తిరిగి వచ్చింది.

"బిడ్డకు జ్వరమంట, ఆస్పత్రికి పోతా ఉండాది. మాదేశ్వరిని పెద్దగా ఉండి మొదలుపెట్టమనె."

అని, ఆకువక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

నీ దగ్గర దాచను. ఒళ్ళంతా జల్లుమంది. నా పేరు! ఆమె నోటి నుంచి వచ్చింది, ఊరందరి ముందు వచ్చింది. మా అత్త కూడా ఉండి వింటే బాగుండునని చుట్టూ చూశాను. ఆమె రాలేదు.

లోపలికి వెళ్ళాం. అందరూ నిలబడ్డారు. నేను చెప్పాలని చూస్తున్నారు. నాకంటే పెద్దవాళ్ళను, నువ్వు ఇటు, నువ్వు అటు అని ఎట్లా అనేది? ఆ చూపులు తప్పించుకోవడానికి వెళ్ళి కింది తట్ట దగ్గర కూలబడ్డాను. అంతే అక్కా, ఇంకేమీ చెయ్యలేదు. నేను కూర్చోగానే మిగిలినవాళ్ళు ఎవరికి వీలైన చోట వాళ్ళు సర్దుకున్నారు. పీట కుప్పాయి తనే వేసుకుంది.

పెంటలోంచి మంచి పురుగులు ఏరి ఇస్తూ, రోగంవి గిన్నెలో వేస్తూ ఉన్నాను. ఒకటి చేతిలోనే పగిలింది. నేను ఇంత చేస్తున్నానని ఎవరైనా చూస్తున్నారా అని తల ఎత్తి చూశాను. ఒక్కరూ చూడటం లేదు. పైగా కుప్పాయి, "పూంగొడి ఉండింటే ఈపాటికి ఒక పాట అయినా పాడి ఉండును. ఏంది ఇట్ల చావు ఇల్లు మాదిరి" అంది. నా చేతులు చీములో ఉన్నాయి, అయినా ఆమెకు పూంగొడి పాట కావాలి! అప్పుడు ఎంత మండిందో నీకు చెప్పలేను. ఆ కాకి గొంతుకా నేను తీసికట్టు?

"నాకు పాట రాదు కుప్పాయత్తా. కథ అయితే చెప్తాను" అన్నాను. నేనే అన్నాను. మా షెడ్డులో కిటికీలన్నీ పురుగులకు పెట్టి నన్ను చీకట్లో పెట్టిన మీ మరిది కథ చెప్పాను. మెల్లగా మొదలుపెట్టాను, వెనక ఉన్నవాళ్ళు "గట్టిగా చెప్పు మే" అన్నారు. కుప్పాయి నవ్వి నవ్వి పీట మీంచి జారింది. ఆమె కొట్టంలో నవ్వు వినిపించి ఎన్నాళ్ళైందో.

అప్పుడు శాలినిని చూశాను. చిన్నకణ్ణు ఇంటి కొత్త కోడలు. పై తట్ట దగ్గర శుభ్రమైన చేతులతో నిలబడి ఉంది. నవ్వడం లేదు. అందరూ నా వైపు తిరిగి నవ్వుతుంటే, అక్కడేదో నాకు దక్కింది, తనకు దక్కలేదు అన్నట్టు పెదవి బిగించి నన్నే చూస్తోంది. ఆ చూపు ఎటువంటిదో నన్ను ఎవరూ అడగనక్కరలేదు. నాకు దక్కింది ఏమిటా అని నా చేతుల వైపు చూసుకున్నాను. మోచేతుల దాకా చీము, పెంట.

"ఇట్ల రా శాలినీ, నా పక్కన కూసో. చీర ఎత్తి చెక్కుకో, పాడైతాది" అన్నాను.

ఆ పిల్ల ముక్కు మూసుకుంది. తర్వాత వచ్చి కూర్చుంది.

కుప్పాయికి సగం పంట దక్కింది. పూంగొడి బిడ్డకు జ్వరం తగ్గింది. సాయంత్రం వచ్చి "ఎవరెవరు వచ్చిరి? కుప్పాయి తిన్నదా?" అని అడిగింది. నేను ఎట్లా చేశానని అడగలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

నువ్వు అడిగిన మాట ఆమెను ఇంకా అడగలేదు. నీ జాబు ఆమెకు చదివి వినిపించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. నీకు అంత తొందరగా ఉంటే నువ్వే బస్సెక్కి రా. నెల దాటితే మా పురుగులు పండుతాయి. వచ్చేటప్పుడు ఒక పాత చీర తెచ్చుకో.

నీ చెల్లెలు,
మాదేశ్వరి